యూట్యూబ్ చాలదు, చెన్నై అక్కర్లేదు

పిల్లకు పియానో నేర్పించాలని ఉందని వేలూరులోనో గుడియాత్తంలోనో ఎవరైనా నోరు తెరిచి అంటే, వచ్చే జవాబు ఒకటే. "ఇక్కడ నేర్పేవాళ్లెవరున్నారు? ఒక కీబోర్డు కొనివ్వండి, యూట్యూబ్‌లో చూసి వాయించుకుంటుంది. అంత పట్టుదలే ఉంటే చెన్నైలో చేర్పించండి." ఈ మాట చుట్టాలు చెప్తారు, బడిలో పంతుళ్లు చెప్తారు, కీబోర్డు అమ్మే దుకాణంలోనూ చెప్తారు. పదిమందీ చెప్పేసరికి తల్లిదండ్రులకు అది విచారించి తేల్చిన నిజంలా వినిపిస్తుంది. నిజానికి విచారించినవాళ్లు తక్కువ. ఊళ్లో గురువు లేడని చెప్పేవాళ్లలో ఎంతమంది నాలుగు చోట్లకు వెళ్లి అడిగారు?

ఈ అభిప్రాయం రెండు వైపులా తప్పని నా వాదన. మొదలుపెట్టే పిల్లకు తెర మీది పాఠం చాలదు. మొదలుపెట్టే పిల్లకు చెన్నై అవసరమూ లేదు. ఆమెకు కావలసింది వారానికి కనీసం రెండుసార్లు పక్కన కూర్చుని, చెయ్యి చూసి, అక్కడికక్కడ దిద్దే మనిషి. అలాంటి మనిషి మన ఊళ్లోనో, ఒక బస్సు దూరంలోనో ఉంటాడు. వెతకకుండానే లేడని తేల్చేయడం వల్ల మన పిల్లలకు జరుగుతున్న నష్టం చిన్నది కాదు.

ముందు యూట్యూబ్ సంగతి తేల్చుకుందాం. అసలు వాదమంతా అక్కడే ఉంది.

పియానోలో మొదటి ఏడాది జరగాల్సిన పని చేతులకు నేర్పడం. రెండు చేతులకూ బొటనవేలు 1, చిటికెనవేలు 5 అని లెక్క. మనం శంకరాభరణం అనే సి మేజర్ స్కేలును కుడిచేత్తో ఎక్కాలంటే 1, 2, 3 వేళ్లతో స రి గ నొక్కి, మధ్యవేలు ఇంకా మెట్టు మీద ఉండగానే బొటనవేలిని దాని కిందుగా పోనిచ్చి మధ్యమం మీద దించాలి. అక్కడినుంచి 1, 2, 3, 4, 5. ఎనిమిది స్వరాలకు అయిదు వేళ్లు సరిపోయే ఉపాయం ఇదే. ఎఫ్ మేజర్‌కు వచ్చేసరికి నాలుగో స్వరం నల్లమెట్టు మీద పడుతుంది, అందుకని 1, 2, 3, 4 అయ్యాకే బొటనవేలు కిందికి వెళ్తుంది. ఎడమచేతికి వేరే వరస: సి మేజర్‌లో 5, 4, 3, 2, 1 అయ్యాక మధ్యవేలు బొటనవేలి మీదుగా దాటుతుంది. చదవడానికి ఇది రెండు నిమిషాల సంగతి. చెయ్యి దాన్ని తనంతట తాను చెయ్యడానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో ప్రతి పిల్లా ఒకే తప్పు చేస్తుంది: బొటనవేలు కిందికి పోవడానికి మోచెయ్యి పైకి లేపుతుంది, లేదా మణికట్టును ఒక్కసారిగా కిందికి కుంగదీస్తుంది. స్వరం మాత్రం సరిగ్గానే పలుకుతుంది.

తప్పు చేతిలో ఉంది, చెవికి వినిపించదు. ఫోన్లో పియానో నేర్పే యాప్ అయినా చేసేదల్లా వినడం. సరైన మెట్టు సరైన సమయానికి మోగిందా అన్నంతవరకే దానికి తెలుస్తుంది. మోగితే ఆకుపచ్చ గుర్తు వేసి శభాష్ అంటుంది, పిల్ల సంబరపడుతుంది, తల్లి ఫోన్లో వీడియో తీసి ఇంటి గ్రూపులో పెడుతుంది. ఏడాదిన్నర తర్వాత కాస్త వేగంగా నడిచే పాట వచ్చినప్పుడు ఆ పిల్ల చెయ్యి బిగుసుకుపోతుంది, మణికట్టు నొప్పి పెడుతుంది. ఎందుకో ఇంట్లో ఎవరికీ తెలియదు. "దానికి సంగీతం అబ్బలేదు" అని తీర్పు చెప్పేస్తారు. సంగీతం అబ్బకపోవడం కాదు అది. మొదటి నెలలో ఒక మనిషి ఆ మోచేతి కింద వేలు పెట్టి, "దీన్ని ఇక్కడే ఉంచమ్మా" అని ఉంటే తీరిపోయే దోషం.

కూర్చునే తీరు చూడండి. మన ఇళ్లలో కీబోర్డు మంచం మీద ఉంటుంది, నేల మీద ఉంటుంది, భోజనాల బల్ల మీద ఉంటుంది. నేల మీద బాసింపట్టు వేసుకుని హార్మోనియం వాయించడం మన అలవాటు, అది ఆ వాద్యానికి సరిపోయే పద్ధతి. పియానోకు మోచెయ్యి మెట్ల ఎత్తుకు సమంగా ఉండాలి, పాదాలు నేలకు ఆనాలి, చిన్నపిల్లయితే కాళ్ల కింద పీట వెయ్యాలి. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని గడ్డం ఎత్తున ఉన్న బల్ల మీద వాయించే పిల్లకు భుజాలు పైకి లేచిపోతాయి. వీడియోలో మాస్టారు ఆ భుజాలను చూడలేడు. నేర్పడం వచ్చిన మనిషి ఎవరైనా గదిలోకి రాగానే ముందు కుర్చీ సర్దుతాడు.

ఇక ఎడమచెయ్యి. కీబోర్డులో ఒక మీట నొక్కితే తాళం దానంతట అదే నడుస్తుంది, ఎడమచేత్తో ఒక వేలు పెడితే స్వరాలు కలిసి పలికే కార్డు మొత్తం మోగుతుంది, కుడిచేత్తో సినిమా పాట వరస వాయిస్తే చాలు, ఇల్లంతా కచేరీలా ఉంటుంది. చుట్టాలు చప్పట్లు కొడతారు. రెండు చేతులూ రెండు వేర్వేరు పనులు ఒకేసారి చెయ్యడం అన్న పియానో అసలు విద్య ఆ ఇంట్లో మొదలే కాలేదని ఎవరికీ తట్టదు. పైనుంచి రంగురంగుల కడ్డీలు కిందికి రాలుతూ ఏ మెట్టు నొక్కాలో చూపించే వీడియోల పనీ అంతే. ఒక పాటకు ఏ మెట్టు తర్వాత ఏ మెట్టో పిల్ల కంఠతా పడుతుంది. ఏడాదికి ఆరు పాటలు వస్తాయి. ఏడో పాట కాగితం మీద పెడితే ఒక్క వరుస చదవలేదు, ఎందుకంటే చదవడం ఎవరూ నేర్పలేదు.

గుడియాత్తం వాళ్లకు ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు. ఆ ఊళ్లో తెలుగు మాట్లాడే నేతకుటుంబాలు తరతరాలుగా మగ్గం మీద బతికాయి. అక్కడ ఎవరి తాతా పుస్తకం చదివి నేత నేర్చుకోలేదు. పెద్దాయన పక్కన గుంటమగ్గం దగ్గర కూర్చుని, ఆయన చేతినుంచి నాడె అందుకుని, పేక బిగువు ఎక్కువైనప్పుడు ఆయన మందలిస్తే సరిచేసుకుని నేర్చుకున్నాడు. చేతులూ కాళ్లూ వేర్వేరుగా కదులుతూ ఒకే లెక్కలో నడిచే పని అది. పెడల్ మీద పాదం, మెట్ల మీద రెండు చేతులు ఉండే పియానో కూడా అదే జాతి విద్య. మగ్గానికి మనిషి కావాలని ఒప్పుకునే ఊరు పియానోకు ఫోను చాలనడం నాకు అంతుపట్టదు.

దీనికి ఎదురుగా ఎప్పుడూ ఒకే వాదన వస్తుంది. "ప్రతిభ ఉంటే గురువెందుకు? ఇళయరాజా పల్లెటూరు నుంచి రాలేదా? రహ్మాన్ ఏ కాలేజీకి వెళ్లాడు?" ఈ పేర్లు ఎత్తేవాళ్లు వాళ్ల కథలు సగమే విన్నారు. పన్నైపురం నుంచి వచ్చిన ఇళయరాజా మద్రాసు చేరకముందే ఏళ్లతరబడి అన్న పావలర్ వరదరాజన్ బృందంలో ఊరూరా తిరిగి పాడాడు, హార్మోనియం వాయించాడు. అన్నే మొదటి బడి. మద్రాసు చేరాక ధనరాజ్ మాస్టర్ దగ్గర కూర్చుని పాశ్చాత్య సంగీతం రాయడం, చదవడం నేర్చుకున్నాడు. రహ్మాన్ తండ్రి ఆర్.కె. శేఖర్ సినిమా సంగీతంలో పనిచేసినవాడు, ఇంట్లోనే వాద్యాలున్నాయి. ఆ పిల్లవాడూ అదే ధనరాజ్ మాస్టర్ దగ్గర పియానో నేర్చుకున్నాడు. స్వయంకృషికి ఉదాహరణగా చూపించే ఇద్దరి వెనకా ఒకే గురువు నిలబడి ఉన్నాడు. ఆయన పేరు మన ఇళ్లలో తెలియకపోవడం ఆయన లోపం కాదు.

మన తెలుగునేల మీది ఉదాహరణ ఇంకా బలమైనది, అందుకని దాని దగ్గర కాసేపు ఆగుతాను. ఉప్పలపు శ్రీనివాస్ 1969లో పాలకొల్లులో పుట్టాడు. ఆరేళ్ల వయసులో తండ్రి సత్యనారాయణ గారి మాండొలిన్ చేతికి తీసుకున్నాడు. కర్ణాటక సంగీతంలో అప్పటికి మాండొలిన్‌కు దారి లేదు, దాన్ని ఆ పద్ధతిలో నేర్పే గురువు దేశంలో ఎక్కడా లేడు. "నేర్పేవాళ్లెవరున్నారు" అన్న మాట నిజంగా చెల్లే సందర్భం ఏదైనా ఉంటే అది ఇదే. ఆ తండ్రి ఊరుకోలేదు. తన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారి ముందు కొడుకును కూర్చోబెట్టాడు. సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు, గాత్రం మనిషి. ఆయనకు మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విన్నది విన్నట్టు మాండొలిన్ మీద పలికించేవాడు. తప్పు వస్తే మళ్లీ పాడేవారు. ఆ పాఠాలతోనే 1978లో గుడివాడలో తొమ్మిదేళ్ల పిల్లవాడు మొదటి కచేరీ చేశాడు. మద్రాసు ఆ తర్వాతి సంగతి.

ఆ కుర్రవాడు బాలమేధావి, మన పిల్లలకు అతనితో పోలికేమిటని అంటారు. నేను చెప్పేదీ అదే. అంత మేధావికే వాద్యం తెలియని గురువు అయినా సరే, ఎదురుగా కూర్చుని వినే గురువు కావలసి వచ్చాడు. మామూలు పిల్లకు ఇంకెంత కావాలి? పాలకొల్లు లాంటి చిన్న ఊళ్లో, వాద్యమే తెలియని గురువు ఒక పిల్లవాణ్ణి అంతవాణ్ణి చెయ్యగలిగినప్పుడు, వేలూరులో గురువు లేడనే మాటకు అర్థం ఏముంది?

ఇక చెన్నై. చెన్నైని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. మ్యూసీ మ్యూజికల్ 1842 నుంచి ఉన్న సంస్థ. మద్రాస్ మ్యూజికల్ అసోసియేషన్ 1893 నాటిది. రహ్మాన్ స్థాపించిన కె.ఎం. కన్సర్వేటరీ 2008లో మొదలైంది. పైస్థాయి విద్యకు దక్షిణాదిలో అంతటి చోటు తక్కువ. నా అభ్యంతరమల్లా మొదటి పాఠానికి చెన్నై అనడం మీదే. వేలూరు పక్కనున్న కాట్పాడి నుంచి చెన్నై సెంట్రల్‌కు రైల్లో సుమారు రెండు గంటలు, గుడియాత్తం నుంచయితే ఇంకా ఎక్కువ. స్టేషన్‌కు వెళ్లడం, ఎదురుచూడడం, అక్కడినుంచి ఆటో, తిరుగు ప్రయాణం అన్నీ కలిస్తే అరగంట పాఠానికి ఆదివారం మొత్తం పోతుంది. కొత్తగా నేర్చుకునే పిల్లకు వారానికి ఒకసారి కంటే తరచుగా, కొద్దికొద్దిగా దిద్దుబాటు కావాలి. సోమవారం పట్టిన తప్పు అలవాటును ఆదివారం దాకా వదిలేస్తే ఆరు రోజులు ఆ తప్పునే సాధన చేస్తుంది. అలసిన పిల్ల మూడో నెలలో మానేస్తుంది. అప్పుడు మళ్లీ తప్పు పిల్ల మీదికే వస్తుంది.

పెద్ద ఊళ్లోనే పెద్ద విద్య ఉంటుందన్న నమ్మకాన్ని ఈ ప్రాంతపు చరిత్రే కొట్టేస్తుంది. వేలూరుకు తూర్పున, ముప్పై కిలోమీటర్ల దూరంలో వాలాజాపేట ఉంది. త్యాగరాజస్వామి శిష్యుల్లో ముఖ్యుడైన వెంకటరమణ భాగవతార్ స్థిరపడిన ఊరు అది. ఆయనది సౌరాష్ట్ర కుటుంబం, పట్టునేతకు పేరుపడ్డ సమాజం. త్యాగయ్య తెలుగు కీర్తనలు, ఆయన జీవిత విశేషాలు మనదాకా వచ్చాయంటే ఆ వాలాజాపేట రాతప్రతులు పెద్ద కారణం. చిత్తూరు గిరింపేటలో పుట్టిన సదాశివరావు ఆ భాగవతార్ దగ్గర సంగీతం నేర్చుకుని, మైసూరు ఆస్థానానికి వెళ్లి, మైసూరు సదాశివరావుగా వాగ్గేయకారుల వరుసలో నిలిచాడు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే వరకు చిత్తూరూ వేలూరూ వాలాజాపేటా ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లా. అంటే చిత్తూరు కుర్రవాడు పొరుగునున్న చిన్న ఊళ్లో గురువును వెతుక్కున్నాడు, అక్కడినుంచి రాజాస్థానానికి ఎదిగాడు. ఈ నేల మీద సంగీతం ఎప్పుడూ అలాగే నడిచింది.

పియానో మన సంగీతం కాదు గనుక ఇక్కడ గురువులుండరని మరికొందరంటారు. దీని మీద ఎక్కువసేపు నిలబడను. వయొలిన్ మనది కాదనేవాడు ఇవాళ ఎవరున్నారు? ముత్తుస్వామి దీక్షితార్ తమ్ముడు బాలుస్వామి దీక్షితార్ మద్రాసులో ఒక యూరోపియన్ దగ్గర కూర్చుని దాన్ని నేర్చుకున్నాడు, అక్కడినుంచి అది మన కచేరీలోకి వచ్చింది. ముత్తుస్వామి దీక్షితారే పాశ్చాత్య బాణీలకు ముప్పైకి పైగా నొట్టుస్వర సాహిత్యాలు కట్టాడు, అన్నీ శంకరాభరణంలోనే. 1893లో ఎ.ఎం. చిన్నస్వామి ముదలియార్ కర్ణాటక కీర్తనలను పాశ్చాత్య స్వరలిపిలో అచ్చువేశాడు. పియానో మెట్ల మీద గమకం పలకదన్న మాట నిజమే, దాన్ని దాచనక్కర్లేదు. అదే కారణం చెప్పి 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని బయటపెట్టి మూడు దశాబ్దాలు దూరంగా ఉంచింది. ఆ కాలమంతా తెలుగు పద్యనాటకం హార్మోనియం శ్రుతి మీదే నడిచింది. పిల్ల ఇంట్లో సరళీవరసలు పాడుతుంటే పియానో ఆమెకు పరాయిది కాదు. మాయామాళవగౌళను సి నుంచి మొదలుపెడితే రెండో స్వరమూ ఆరో స్వరమూ నల్లమెట్ల మీద పడతాయి, మిగతావన్నీ తెల్లమెట్లే. ఈ సంగతి ఒక్కసారి చేత్తో చూపిస్తే పిల్లకు రెండు సంగీతాలూ ఒకే గదిలో కనిపిస్తాయి.

సరే, గురువు ఎక్కడున్నాడు? ఇక్కడ నా మాట సూటిగా చెప్తాను.

వేలూరు మిషన్ ఊరు. అమెరికా ఆర్కాట్ మిషన్ పందొమ్మిదో శతాబ్దం నడిమినుంచి ఈ ప్రాంతంలో పనిచేసింది. కోట లోపల సెయింట్ జాన్స్ చర్చి ఉంది, రాధాకృష్ణన్ గారు చదివిన ఊరీస్ కాలేజీ ఉంది, 1900లో ఐడా స్కడర్ మొదలుపెట్టిన చిన్న వైద్యశాల నుంచి పెరిగిన సి.ఎం.సి. ఉంది. సి.ఎస్.ఐ. వేలూరు డయోసిస్ చర్చిలు పట్టణమంతా, గుడియాత్తం దాకా ఉన్నాయి. చర్చి ఉన్నచోట ఆదివారం పూట ఎవరో ఒకరు ఆర్గాన్ ముందో కీబోర్డు ముందో కూర్చుంటారు. క్రిస్మస్ ముందు నెలల్లో కీర్తనలు సాధన చేయించేవాళ్లుంటారు. సి.ఎం.సి.లో చదవడానికి, పనిచెయ్యడానికి కేరళ నుంచీ ఈశాన్య రాష్ట్రాల నుంచీ వచ్చినవాళ్లలో చిన్నప్పటినుంచి చర్చి సంగీతంలో పెరిగినవాళ్లు ఉంటారు. ఇంగ్లీషు మీడియం బళ్లలో సంగీతం టీచర్లు ఉంటారు, వాళ్లలో సాయంత్రాలు ఇంట్లో పాఠాలు చెప్పేవాళ్లు ఉంటారు. పెళ్లిళ్లకూ తిరునాళ్లకూ వాయించే ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు మనిషి లేని ఆర్కెస్ట్రా లేదు. వీళ్లెవరూ బోర్డు కట్టుకుని కూర్చోరు. చర్చి ఆఫీసులో అడగాలి, బడిలో అడగాలి, ఆర్కెస్ట్రా మేనేజరును అడగాలి. మీ మతమేమిటని ఏ సంగీతం మాస్టారూ అడగడు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లకు తమిళంలో పాఠం చెప్తే ఇబ్బందని కొందరి సందేహం. గుడియాత్తం పిల్ల బడిలో రోజంతా తమిళంలోనే కదా చదువుకుంటోంది!

దొరికినవాళ్లందరూ మంచి గురువులని నేను అనను. వాయించడం వేరు, నేర్పడం వేరు. అందుకని గురువు ఇంటికి వెళ్లినప్పుడు ఏదైనా వాయించి చూపించమని అడగకండి. కొత్తగా చేరిన పిల్లకు పాఠం చెప్తుంటే ఒక గంట కూర్చుని చూస్తామని అడగండి. నచ్చనివాళ్లు వద్దంటారు, అదీ ఒక సమాధానమే. ఒప్పుకుంటే కళ్లు తెరుచుకుని చూడండి. పిల్ల కూర్చోగానే కుర్చీ ఎత్తు చూశాడా? తప్పు వచ్చినప్పుడు "మళ్లీ వాయించు" అని ఊరుకున్నాడా, ఏ వేలు ఎక్కడ తప్పిందో చెప్పాడా? ఒక్కో చెయ్యి విడిగా, నెమ్మదిగా వాయించనిచ్చాడా? చప్పట్లతో తాళం లెక్కపెట్టించాడా, స్వరం పాడించాడా? ఎప్పుడూ చూడని పేజీ ఒకటి తీసి చదవమన్నాడా? పాఠంలో ఎక్కువ భాగం తానే వాయించి పిల్లను చూస్తూ కూర్చోబెట్టే మనిషి ఎంత గొప్ప వాద్యకారుడైనా మీ పిల్లకు గురువు కాడు. ఇంకో సంగతి: రెండు మూడేళ్లుగా ఆయన దగ్గరే ఉన్న పిల్లలెవరైనా ఉన్నారా అని కనుక్కోండి. పిల్లలు నిలిచారంటే అక్కడ ఏదో సవ్యంగా జరుగుతోంది.

చర్చిలో పెరిగిన వాద్యకారుల్లో చాలామంది చెవితో విని వాయిస్తారు, కాగితం చూసి చదవడం కొందరికి అంతగా అలవాటుండదు. అది లోపమని కొట్టిపారెయ్యకండి. వినగానే కార్డు పట్టుకోవడం పెద్ద విద్య, పుస్తకం పట్టుకుని నేర్చినవాళ్లకు చాలాసార్లు రాని విద్య. చదవడం కూడా నేర్పగలరా అని మర్యాదగా అడగండి. జాన్ థాంప్సన్ మొదటి పుస్తకంతో మొదలుపెట్టి వారానికి ఒక పేజీ నడపగలిగితే తొలి ఏడాదికి అది చాలు. శ్రుతి, తాళం కోసం పక్క వీధిలో పాట నేర్పే అమ్మ దగ్గరకూ పంపండి. పాలకొల్లులో సుబ్బరాజు గారు చేసింది ఆ పనే కదా.

గ్రేడు పరీక్షల వెంట పడేవాళ్లకు ఒక లెక్క చెప్పాలి. "మా అమ్మాయి ట్రినిటీ గ్రేడు త్రీ" అంటే ఊళ్లో గౌరవం, అందుకని గురువును ఎంచేటప్పుడు మొదటి ప్రశ్న అదే అవుతోంది: ఏడాదికి ఒక గ్రేడు రాయిస్తారా? ట్రినిటీ గ్రేడు పరీక్షకు మొత్తం నూరు మార్కులు. మూడు పాటలకు ఒక్కోదానికి 22 చొప్పున 66. స్కేళ్లూ అభ్యాసాలకు 14. చూసి చదవడం, విని చెప్పడం వంటి రెండు పరీక్షలకు పదేసి. పాసు కావడానికి 60. ఈ లెక్కను చూస్తే ఏడాదంతా మూడే పాటలు రుద్దించి పరీక్ష గట్టెక్కించవచ్చని ఎవరికైనా అర్థమవుతుంది. అలా చేసే చోట్లు ఉన్నాయి. పిల్ల సర్టిఫికెట్లు పోగేస్తుంది, నాలుగో పాట ఎదురుగా పెడితే చేతులు కట్టుకుంటుంది. తప్పు పరీక్షది కాదు. చూసి చదవడాన్నీ విని చెప్పడాన్నీ ఆ పరీక్షలో పెట్టినవాళ్లకు వాటి విలువ తెలుసు. మార్కుల కోసం వాటిని వదిలేసేవాళ్లది తప్పు, అలా చేయించమని గురువు మెడ మీద కూర్చునే తల్లిదండ్రులది అంతకంటే పెద్ద తప్పు. మొదటి రెండేళ్లు పరీక్ష మాట ఎత్తవద్దని నా గట్టి సలహా. ఇష్టపడి నేర్చిన పిల్ల తర్వాత ఏ గ్రేడైనా రాయగలదు.

వాద్యం గురించి ఎక్కువ బెంగ వద్దు. అసలైన పియానోలో రెండువందలకు పైగా తీగలు టన్నుల బిగువుతో ఉంటాయి. వేలూరు ఎండకూ వర్షాకాలపు తేమకూ దాని చెక్క సాగి కుంగి శ్రుతి చెడుతుంది, దాన్ని సరిచేసే మనిషిని దూరం నుంచి పిలవాలి. కొత్తవాళ్లకు ఆ భారం అక్కర్లేదు. మొదటి కొన్ని నెలలకు నొక్కిన బలాన్ని బట్టి శబ్దం మారే 61 మెట్ల కీబోర్డు చాలు. పిల్ల నిలబడుతుందనిపించాక 88 బరువు మెట్లున్న డిజిటల్ పియానో చూడవచ్చు. వాద్యం కొన్నాక గురువు కోసం వెతకడం ఇప్పుడు మన ఇళ్లలో ఆచారమైంది. ముందు గురువును వెతకండి, ఏది కొనాలో ఆయనే చెప్తాడు. పెద్దవాళ్లకూ ఇదే మాట: డ్యూటీ ముగించుకుని వచ్చే నర్సు కావచ్చు, రిటైరైన గుమస్తా కావచ్చు, వయసు మించిందని వెనకాడకండి. పెద్దవాళ్లకు వేళ్లు నెమ్మదిగా వంగుతాయి, బుర్రకు మాత్రం పిల్లల కంటే త్వరగా ఎక్కుతుంది.

ఆన్‌లైన్ పాఠాలను పూర్తిగా కొట్టిపారెయ్యను. వీడియో చూసి వాయించడానికీ, ఎదురుగా మనిషి ఉండి వీడియో కాల్‌లో పాఠం చెప్పడానికీ తేడా ఉంది. చేతులు కుదురుకున్నాక, గుడియాత్తంలో ఉన్న పిల్ల చెన్నై గురువు దగ్గర అలా నేర్చుకోవచ్చు, కెమెరాను పక్కనుంచి మెట్లూ మోచేతులూ కనిపించేలా పెడితే. శబ్దం అటూ ఇటూ చేరడంలో ఆలస్యం ఉంటుంది కాబట్టి ఇద్దరూ కలిసి వాయించడం కుదరదు, చేతిని ముట్టుకుని దిద్దడమూ కుదరదు. అందుకే ఆ ఏర్పాటు రెండో ఏడాదికి పనికొస్తుంది. మొదటి ఏడాదికి కాదు.

గురువుల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లలో గురువులు నిలవకపోవడానికి సగం కారణం మనమే. చిన్న ఊళ్లో ఇంట్లో పాఠాలు చెప్పే మనిషి ఆ నెల జీతం మీదే బతుకుతాడు. ఎండాకాలం సెలవులకు అమ్మమ్మ ఇంటికి వెళ్తున్నామని రెండు నెలల జీతం ఎగ్గొడతాం. పరీక్షలొచ్చాయని చెప్పకుండా మానేస్తాం. పాఠానికి అరగంట ఆలస్యంగా తీసుకొస్తాం. ట్యూషన్ మాస్టారు దగ్గర ఇలా చెయ్యడానికి జంకే తల్లిదండ్రులే సంగీతం మాస్టారు దగ్గర దీన్ని హక్కు అనుకుంటారు. ఆయన విసుగెత్తి చెన్నై వెళ్లిపోతే, ఊళ్లో గురువులు లేరని మళ్లీ మనమే అంటాం. సెలవుల జీతం సంగతి మొదటి రోజే మాట్లాడుకుని, ఒప్పుకున్నది ఇవ్వండి. చిన్నపిల్లలకు పాఠం జరిగేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లొకరు అదే గదిలో కూర్చోండి. అది పిల్ల భద్రతకూ మంచిది, పాఠంలో ఏం చెప్పారో విని ఇంటి దగ్గర సాధన చేయించడానికీ మంచిది. రోజూ ఇరవై నిమిషాలు, ఒకే వేళకు. అది చేయించలేని ఇంటికి ఎంత గొప్ప గురువైనా చెయ్యగలిగింది లేదు.

కాబట్టి ఈ వారం ఒక పని చెయ్యండి. వేలూరులో ఉంటే మీకు దగ్గరలోని చర్చి ఆఫీసుకో పిల్ల చదివే బడికో వెళ్లి కీబోర్డు, పియానో నేర్పేవాళ్లెవరని అడగండి. గుడియాత్తంలో ఉంటే ముందు మీ ఊళ్లోనే అడగండి, దొరక్కపోతే వేలూరుకు గంట బస్సు. ముగ్గురి పాఠాలు కూర్చుని చూడండి, ఒకరిని ఎంచుకోండి, మూడు నెలలు మానకుండా పంపండి. అప్పటిదాకా ఊళ్లో నేర్పేవాళ్లెవరూ లేరని ఇంకొకరికి చెప్పకండి.